వైజాగ్ ఫోటోలు ఎక్కడ పెట్టాలి? ఏళ్ళ తరబడి వాడాక నా మాట

కెమెరాల మీద సమీక్షలు బోలెడున్నాయి, ఫోన్ల మీద ఇంకా ఎక్కువ, కానీ తీసిన ఫోటోని నలుగురికీ ఎలా చూపించాలి, ఎక్కడ పెడితే అది పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతుంది అన్న దాని మీద తెలుగులో రాసింది నాకు పెద్దగా కనబడలేదు. నేను ఫోటోగ్రాఫర్ని కాను, ఉద్యోగం వేరే. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డుకో భీమిలికో, సెలవులు కలిసొస్తే అరకుకో వెళ్ళి ఫోటోలు తీస్తాను, తీసినవి వాట్సాప్, గూగుల్ ఫోటోస్, ఇన్‌స్టాగ్రామ్, ఫ్లికర్, వికీమీడియా కామన్స్, ఈ ఐదింటిలో చాలా ఏళ్ళుగా పెడుతున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: అసలు ఫైలు, అది ఎక్కడ ఎప్పుడు తీసిందో చెప్పే రెండు ముక్కలు, ఈ రెండూ విడిపోకుండా ఉండే చోటే మంచి చోటు. లైకులూ ఫిల్టర్లూ ఆ తర్వాతే.

వాట్సాప్‌తో మొదలుపెడతాను, మనలో చాలామంది పంచుకోవడం అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది కాబట్టి. అందరి దగ్గరా ఉంది, అమ్మకీ వాడటం వచ్చు, అమెరికాలో ఉన్న అక్కకి క్షణంలో చేరుతుంది, ఆ విషయంలో దానికి సాటి లేదు. కానీ మామూలుగా పంపిన ఫోటో మూడు నాలుగు ఎంబీల నుంచి కొన్ని వందల కేబీలకి కుదించుకుపోతుంది, తీసిన తేదీ, చోటు లాంటి లోపలి వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. 2023లో హెచ్‌డీ అని ఇంకో ఆప్షన్ ఇచ్చారు, తేడా కంటికి తెలుస్తుంది, అయినా అదీ అసలు ఫైలు కాదు. అసలుదే పంపాలంటే గ్యాలరీ బదులు డాక్యుమెంట్ అన్నది నొక్కి అందులోంచి ఫోటో ఎంచుకోవాలి, అప్పుడు తేదీతో సహా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఈ ఒక్క సంగతి మా బంధువులందరికీ నేర్పాను, ఇప్పుడు పెళ్ళి ఫోటోలు కూడా అలాగే పంపుకుంటున్నారు.

స్టేటస్ సంగతి వేరు. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు ఊరు ఊరంతా వెళ్ళి ఫోటోలు తీసింది, కొన్నాళ్ళపాటు ఎవరి స్టేటస్ చూసినా ఆ ఓడే. స్టేటస్ ఉండేది 24 గంటలు. ఇప్పుడు అడిగితే ఆ ఫోటో ఏ ఫోన్లో ఉందో, ఆ ఫోన్ ఎక్కడుందో చెప్పగలిగేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో ఇద్దరో ముగ్గురో. పెట్టండి, సరదాగా ఉంటుంది, కానీ అదొక్కటే పెట్టి ఊరుకోకండి.

నలుగురైదుగురు కలిసి వెళ్ళిన ట్రిప్పుకి మాత్రం గూగుల్ ఫోటోస్‌లో షేర్డ్ ఆల్బమ్‌ని మించింది నాకు దొరకలేదు. అరకు వెళ్ళామనుకోండి, కిరండూల్ ప్యాసింజర్లో సొరంగాలు దాటుతుంటే కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు తీస్తారు, బొర్రా గుహల్లో చీకట్లో ఫోన్ నిలకడగా పట్టుకోగలిగినవాళ్ళు తీస్తారు, వలిసె పూలు పూసే రోజులైతే ఇక అందరూ తీస్తారు. ముందు రోజు రాత్రే ఆల్బమ్ చేసి లింకు గ్రూపులో పడేస్తే ఎవరివి వాళ్ళు వేసుకుంటారు, తీసిన టైము ప్రకారం అన్నీ వాటంతటవే వరసలోకి వస్తాయి, తిరిగొచ్చాక "నా ఫోటోలు పంపలేదేంటి" అన్న గోల ఉండదు. ఫోన్లలో టైము సరిగ్గానే ఉంటుంది, కెమెరాలో మనమే పెట్టుకోవాలి, అది గంట తేడా ఉన్నా బొర్రా ఫోటోలు రైలు ఫోటోల మధ్య కలిసిపోతాయి, కాబట్టి బయల్దేరే ముందు కెమెరా గడియారం ఒకసారి సరిచూసుకోండి. ఘాట్‌లో సిగ్నల్ అంతంతమాత్రం, అక్కడ అప్‌లోడ్ చేస్తూ బ్యాటరీ ఖాళీ చేసుకోవద్దు, ఇంటికొచ్చి వైఫైలో వేసుకోవచ్చు.

దీని ఇబ్బందులు కూడా చెప్పాలి. 2015లో మొదలైనప్పుడు ఎన్ని ఫోటోలైనా కొద్దిగా కుదించి ఉచితంగా దాచేవాళ్ళు, 2021 జూన్ 1 నుంచి అది పోయింది, ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ కలిపి 15 జీబీ. బాగా తిరిగేవాళ్ళకి చాలదు, నేను డబ్బు కట్టే వాడుతున్నాను, అంత సుఖానికి ఆ డబ్బు దండగ అనిపించలేదు. ఆల్బమ్‌లోంచి ఒకరు బయటికి వెళ్ళిపోతే వాళ్ళు వేసిన ఫోటోలు కూడా వాళ్ళతో పోతాయి, అందుకని ట్రిప్పు అయిన వారంలోనే ఆల్బమ్ మొత్తం దించి విడిగా ఒక హార్డ్ డిస్కులో పెడతాను. ఇంకొకటి చాలామంది గమనించరు: ఫోటో కింద మనం రాసిన వివరణ ఫైలులోకి వెళ్ళదు, ఖాతా మొత్తం దించుకున్నప్పుడు పక్కన వేరే చిన్న ఫైలుగా వస్తుంది. అంటే బొమ్మ ఒకచోట, మాట ఒకచోట. కుటుంబానికి, స్నేహితులకి ఫరవాలేదు, పాతికేళ్ళు ఉండాలనుకునేవాటికి సరిపోదు. లింకు ఉన్న ఎవరైనా ఆల్బమ్ చూడగలరు కాబట్టి ఆల్బమ్ ఆప్షన్లలో లొకేషన్ చూపించడం ఆపేసుకోండి, ముఖ్యంగా అందులో ఇంట్లో తీసిన ఫోటోలు ఉంటే.

ఇన్‌స్టాగ్రామ్ గురించి నాకు కోపమేమీ లేదు. అక్కడ పెట్టబట్టే ఊళ్ళో నాలాంటివాళ్ళు, పొద్దున్న ఐదున్నరకి బీచ్‌లో కనబడేవాళ్ళు, పరిచయమయ్యారు. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక్కి పోతాడు, కాబట్టి ఆ పొద్దుటి గంట కోసం వచ్చేవాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు తెలిసిపోతారు. తెలుగులో క్యాప్షన్ రాస్తే ఎక్కువమంది పలకరిస్తారు, "ఇది ఎక్కడండీ, ఎలా వెళ్ళాలి" అని అడుగుతారు, ఆ సంభాషణ నాకు చాలా ఇష్టం. అయితే ఫోటో వెడల్పు 1080 పిక్సెళ్ళకి కుదిస్తారు. కైలాసగిరి మీద నుంచి తీరం వంపు అంతా వచ్చేలా అడ్డంగా తీసిన ఫోటో అక్కడ సన్నటి పట్టీ అయిపోతుంది, నిలువు ఫోటోలకే అక్కడ మర్యాద. దాంతో తెలియకుండానే అన్నీ నిలువుగా తీయడం అలవాటవుతుంది, సముద్రం ఉన్న ఊళ్ళో ఇది నష్టమే. మూడేళ్ళ కిందటి ఫోటో వెతకాలంటే వేలు నొప్పి పుట్టేదాకా కిందకి జరుపుకుంటూ పోవాలి. పరిచయాలకి పది మార్కులు, దాచుకోవడానికి రెండు.

ఫ్లికర్ 2004 నాటిది. ఒకప్పుడు ఫోటోలంటే పిచ్చి ఉన్నవాళ్ళంతా అక్కడే ఉండేవాళ్ళు. ఆల్బమ్‌లు, మ్యాపు, ఏ లెన్సుతో ఏ సెట్టింగులో తీశారో వివరాలు, అసలు సైజు, అన్నీ పద్ధతిగా ఉంటాయి, నేర్చుకునేవాళ్ళకి ఇప్పటికీ మంచిది. 2018లో యాజమాన్యం మారాక ఉచిత ఖాతాకి 1000 ఫోటోల హద్దు పెట్టారు, 2025 నుంచి ఉచిత ఖాతాల ఫోటోలని పెద్ద సైజులో దించుకోవడం కూడా ఆపేశారు. డబ్బు కట్టేవాళ్ళకైతే బాగుంటుంది. తెలుగువాళ్ళు మాత్రం అక్కడ బాగా తక్కువ.

ఇక వికీమీడియా కామన్స్. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే, మన దగ్గర చాలామందికి తెలియనిదీ ఇదే. వికీపీడియా వ్యాసాల్లో కనబడే ఫోటోల్లో ఎక్కువ భాగం ఉండేది ఇక్కడే, 2004 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు, అసలు ఫైలు అసలు సైజులోనే ఉంటుంది. ఏమిటి, ఎప్పుడు తీసింది అన్నది రాయకుండా అప్‌లోడ్ ముందుకి సాగదు, ఎక్కడ అన్నదీ రాసుకోవచ్చు. మొదట్లో ఆ ఫారాలు విసుగనిపిస్తాయి, ఫోటో ఏ అంశం కిందకి వస్తుందో చెప్పే వర్గాలు వెతుక్కోవాలి, దాన్ని వేరేవాళ్ళు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఎంచుకోవాలి. కానీ నాకు కావలసింది సరిగ్గా అదే, బొమ్మా మాటా ఒకే పేజీలో, తెలుగులోనే రాసుకోవచ్చు. తొట్లకొండ మీద స్తూపాల దగ్గర నేను తీసిన ఫోటో ఒకటి ఎవరో ఒక వ్యాసంలో వాడుకున్నారు, అది చూసిన రోజు నాకు ఎన్ని వందల లైకులు వచ్చినా రాని సంతోషం వచ్చింది.

ఈ ఊళ్ళో ఇది ఎందుకు ముఖ్యమంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఒక్క రోజులో ఊరి రూపం మార్చేసింది. కైలాసగిరి మీద, జూలో, యూనివర్సిటీలో పచ్చదనం అంతకు ముందు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి మాటల్లో చెబితే అందదు. వెనకాల చెట్లు కనబడే పాత పిక్నిక్ ఫోటో ఒక్కటి చూపిస్తే చాలు. ఆ తుపానుకి పన్నెండు రోజుల ముందు, సెప్టెంబర్ 30న, జనం ఫోటోలు పెట్టుకునే ఆర్కుట్ అన్న సైటు మూతపడింది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ అదే దారి పట్టింది. దించుకోవడానికి గడువులు ఇచ్చారు, అవి గుర్తుపెట్టుకుని దించుకున్నవాళ్ళు ఎంతమంది? మన ఊరి ఫోటోలు ఎన్ని అలా పోయాయో తలుచుకుంటే బాధేస్తుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలే తీసుకోండి, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) గుర్తించిన భూవారసత్వ స్థలం అది, ప్రతి వానాకాలానికీ ఆ గండ్లు కొంచెం కొంచెం మారుతుంటాయి, ఏటా అదే చోట నిలబడి తీసి తేదీ వేసి పెడితే రేపు చదువుకునేవాళ్ళకి పనికొస్తుంది. ఇందుకు గొప్ప కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు.

కామన్స్‌లో పెట్టే ముందు రెండు విషయాలు బాగా ఆలోచించుకోండి. అక్కడ పెట్టిన ఫోటోని మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా, ఒకసారి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోలేరు. కాబట్టి ఇంట్లోవాళ్ళ ఫోటోలు, పిల్లల ఫోటోలు అక్కడికి వద్దు. రెండోది, మన కాపీరైట్ చట్టం ప్రకారం బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న కట్టడాలు, విగ్రహాల ఫోటోలకి ఇబ్బంది లేదు, బీచ్ రోడ్డు విగ్రహాలూ విక్టరీ ఎట్ సీ స్తూపం ఫోటోలూ పెట్టుకోవచ్చు, గోడల మీద వేసిన బొమ్మలకి మాత్రం ఆ వెసులుబాటు లేదు, అవి బొమ్మ వేసినవాళ్ళవి. ఫోటోలో లొకేషన్ ఉంటే అదీ అందరికీ కనబడుతుంది.

ఎక్కడ పెట్టినా సరే, ఇది నేవీ ఊరు. నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో విమానం దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ కిటికీలోంచి ఫోటోలు తీయకూడదు, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంత అందంగా కనబడినా సరే. నేవీ స్థావరాలకి మూడు కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదని 2021లోనే ప్రకటించారు, బయటి ఊళ్ళ నుంచి డ్రోన్ తెచ్చుకునే స్నేహితులకి ముందే చెప్పండి. తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో రాత్రిపూట ఫ్లాష్ వెయ్యకండి, గూళ్ళ లొకేషన్ ఎక్కడా పెట్టకండి.

ఫిషింగ్ హార్బర్ గురించి చెప్పి ఆపుతాను. అక్కడ తీసిన ప్రతి ఫోటో కింద బోటు నంబరు, తేదీ రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. 2023 నవంబర్‌లో హార్బర్‌లో మంటలు రేగి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి కదా, ఆ తర్వాత అక్కడ మొహం తెలిసిన ఒకాయన "బాబూ, మా బోటు ఫోటో నీ దగ్గరేమైనా ఉందా, ఇంట్లో పెట్టుకుందామని" అని అడిగాడు. నంబరు చెప్పమని వెతికితే నిమిషంలో దొరికింది, అసలు ఫైలే ఉంది కాబట్టి పెద్ద సైజులో ప్రింటు వేయించి ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని పేరు పేరునా చెప్పాడు, ముందు నిలబడ్డది ఎవరు, వల పట్టుకున్నది ఎవరు అని. ఆ పేర్లు కూడా నా దగ్గర రాసి పెట్టుకున్నాను, నెట్‌లో పెట్టలేదు, అవి వాళ్ళవి.

అప్పటి నుంచి అడిగి తీసిన ప్రతి మనిషికీ ప్రింటు ఇవ్వడం నియమంగా పెట్టుకున్నాను, అరకు సంతలో తీసినవైనా సరే, మళ్ళీ వెళ్ళినప్పుడో, అటు వెళ్ళేవాళ్ళ చేతనో. నాలుగు బై ఆరు ప్రింటుకి 1800 బై 1200 పిక్సెళ్ళు ఉంటే చాలు, పన్నెండు బై పద్దెనిమిది అంతే స్పష్టంగా రావాలంటే 5400 బై 3600 ఉండాలి, వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోతో అది కుదరదు. షాపులో అడిగేటప్పుడు మాట్ పేపర్ అని చెప్పండి, చేతులు మారినా వేలిముద్రలు అంతగా కనబడవు. వెనకాల ఊరు, తేదీ బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి, పెర్మనెంట్ మార్కర్ అయితే ఆ ఇబ్బంది లేదు.