సీటీసీలో గేమింగ్ పీసీ కొన్న అనుభవం

తమ్ముడికి 60 వేల లోపు గేమింగ్ పీసీ కావాలంటే ఖమ్మం నుంచి సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరూ సీటీసీ అనే అంటారు. రైలు దిగాక ఆటో అక్కర్లేదు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ప్యారడైజ్, అక్కడి నుంచి నడకే. ఆదివారం మాత్రం వెళ్లకండి, చాలా షాపులు మూసి ఉంటాయి.

మొదటి షాపులో "అన్నా, ఐ7 గేమింగ్ పీసీ, మీ బడ్జెట్‌లోనే" అన్నారు. చూస్తే 2012 నాటి మూడో తరం ఐ7 ప్రాసెసర్, దాని పక్కన జీటీ 730 అనే బలహీనమైన గ్రాఫిక్స్ కార్డు. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ ప్రాసెసర్‌లో కూడా ఆ ఐ7లో లాగే నాలుగు కోర్లే (లెక్కలు చేసే భాగాలు), అయినా ఆ పాత ఐ7 కంటే చాలా వేగం. కొత్తగా కొనే పిల్లలకు ఐ7 అనే పేరు చూపించి ఇలా అమ్మడం నాకు బాధగా అనిపించింది.

ఇంకో షాపులో కొటేషన్ నచ్చింది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు. ప్రతి పార్టుకూ మోడల్ పేరు రాశారు. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు ఇమ్మంటే వెంటనే మార్చారు. రెండు ఉంటేనే డ్యూయల్ ఛానల్ పనిచేస్తుంది, అంటే ర్యామ్‌కి రెండు దారుల్లో డేటా వెళ్తుంది, గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 అనే కార్డు కూడా చూపించారు కానీ మామూలు గేమింగ్‌కి 6600 దానికంటే మెరుగు. తక్కువ బడ్జెట్‌లో ముందు గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు తీసిపెట్టి, మిగిలినదాంట్లో తక్కినవి చూసుకోవాలి.

ఎస్ఎంపీఎస్ (పీసీ పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా) దగ్గర మాత్రం రాజీపడొద్దు. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చే పేరులేనిది వద్దని, మంచి కంపెనీ 550 వాట్లది, కరెంటు వృథా తక్కువని చెప్పే బ్రాంజ్ రేటింగ్ ఉన్నది తీసుకున్నాం. రంగుల లైట్ల ఫ్యాన్లు మానేస్తే ఆ తేడా డబ్బు వచ్చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డులూ చవకగా కనిపించాయి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, అందులో వాడిన కార్డులు మార్కెట్లోకి చాలా వచ్చాయి. వారంటీ లేకుండా నేనైతే కొనను.

ఆన్‌లైన్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే కొంచెం తక్కువుంది. అయినా ప్రాసెసర్, బోర్డు కలిపి తీసుకుంటే షాపువాళ్లు ధర తగ్గించారు, బిగించి ఇచ్చారు, జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు వేశారు. వారంటీకి ఆ బిల్లే ఆధారం.

సాయంత్రానికి ఇస్తామన్నది మర్నాటికి పడింది. రాత్రికి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది, కానీ లిఫ్ట్ లేదు. డబ్బాలతో వచ్చేవాళ్లు ముందే అడగండి. ప్యారడైజ్ వైపు హోటళ్లకు రేటు ఎక్కువ, షాపుకి మాత్రం దగ్గర.

రైల్లో తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుని విప్పించి దాని డబ్బాలోనే పెట్టించండి. కుదుపులకి ఆ బరువంతా బోర్డు స్లాట్ మీదే పడుతుంది. ఇంటికొచ్చాక ఒక స్క్రూ, ఒక పవర్ వైరు, అంతే పని.