"మోటారు పోయింది" అనగానే డబ్బులు ఇచ్చేయకండి: వాక్యూమ్ క్లీనర్ ఉన్నవాళ్లందరికీ హెచ్చరిక

మేం ఉండేది విజయవాడలో. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే మా వాక్యూమ్ క్లీనర్ దుమ్ము లాగడం తగ్గిపోయింది. కీచుమని శబ్దం చేసి కాసేపటికి దానంతటదే ఆగిపోయింది. మావారు కంపెనీ పేరు కొట్టి వెతికితే "కస్టమర్ కేర్" అని ఒక నంబరు పైనే కనిపించింది. ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు. పైపు విప్పలేదు, ఫిల్టర్ ముట్టుకోలేదు. స్విచ్ వేసి, అది మళ్లీ ఆగిపోయేదాకా నిలబడి, "చూశారా మేడమ్, మోటారు కాలిపోయింది" అన్నాడు. మిషను తీసుకెళ్లి మర్నాడు తెచ్చాడు. పైపు తగిలించకుండానే ఆన్ చేసి, ఎంత బాగా లాగుతోందో చూడండంటూ 3,200 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు, రాలేదు. ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు.

అతను వెళ్లాక పైపు తగిలిస్తే మళ్లీ అదే కీచు.

మా వీధి చివర మిక్సీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పైపు ఊడదీసి, మిషను నోటికి అరచెయ్యి అడ్డం పెట్టమన్నారు. చెయ్యి అతుక్కుపోయేంత బలంగా లాగింది. "ఇక్కడ లాగుతోందంటే తప్పు మోటారుది కాదమ్మా, పైపుది" అన్నారు. పైపు వంపులో కొబ్బరి చీపురు ఈనె ఒకటి అడ్డం పడి, దానికి జుట్టు, దారాలు చుట్టుకుని, పైన పిల్లాడి సాక్సు ఇరుక్కుని ఉంది. పెద్దాయన మిషను కూడా విప్పి చూపించారు. లోపల పాత మోటారే ఉంది, స్క్రూల మీద దుమ్ము కూడా చెదరలేదు.

ఆ కీచు శబ్దాన్ని చూపించే జనాన్ని భయపెడుతున్నారు కాబట్టి దాని సంగతి తెలుసుకోండి. గాలి దారి మూసుకుపోతే లోపలి ఫ్యాను మీద బరువు తగ్గి మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది, అందుకే ఆ శబ్దం. మోటారును చల్లబరిచేది కూడా చాలా మిషన్లలో ఆ గాలే. అది అందక వేడెక్కితే థర్మల్ కటాఫ్ అనే రక్షణ స్విచ్ కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మిషను మళ్లీ నడుస్తుంది. మాడు వాసన, నిప్పురవ్వలు వస్తే మాత్రం వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించాల్సిందే.

ఎవరినైనా పిలిచే ముందు ప్లగ్గు తీసేసి పైపులో ఒక గోళీ వేసి చూడండి. అవతలి కొసన పడకపోతే అడ్డం ఉన్నట్టే. మొద్దుగా ఉన్న కర్రతో మెల్లగా నెట్టండి. ఇనుప చువ్వ పెడితే పైపు చిరిగిపోతుంది. కింద బ్రష్‌కు చుట్టుకున్న జుట్టును కత్తెరతో కోసి లాగేయండి. పైపు బాగానే ఉంటే ఫిల్టర్ చూడండి. ముగ్గుపిండి, గోడల పుట్టీ దుమ్ము దాన్ని ఇట్టే మూసేస్తాయి. స్పాంజి ఫిల్టర్‌ను కడిగి ఒక రోజంతా నీడన పూర్తిగా ఆరనివ్వాలి. తడిది పెడితే ఆ తేమ మోటారులోకి పోతుంది. కాగితం ఫిల్టర్‌ను కడగొద్దు. బాగా సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్‌నైతే కడగొచ్చని మాన్యువల్‌లో ఉంటేనే కడగండి.

అప్పటికీ మనిషిని పిలవాల్సి వస్తే వారంటీ కార్డు మీదున్న నంబరుకే చేయండి. మీ కళ్ల ముందే విప్పమనండి. ఏదైనా మారిస్తే పాత భాగం మీ చేతిలో పెట్టమనండి. బిల్లు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. మేం యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. ఇలాగే మోసపోయినవాళ్లుంటే మీరూ చేయించండి.