పర్యవేక్షణలో పనిచేసే సహాయకులతో స్పీచ్ థెరపీ: రెండేళ్లకు పైగా చేయించాక మా అభిప్రాయం

మా అమ్మాయికి పుట్టుకతోనే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉంది. హైదరాబాదులో ఒక చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (బయటి యంత్రం పట్టిన శబ్దాన్ని లోపలి ఎలక్ట్రోడ్ల ద్వారా వినికిడి నాడికి అందించే పరికరం) శస్త్రచికిత్స చేయించిన తరువాత, రెండేళ్లకు పైగా ఖమ్మంలోని ఒక ప్రైవేటు కేంద్రంలో స్పీచ్ థెరపీ ఇప్పిస్తున్నాం. అక్కడ రోజువారీ సెషన్లు నడిపేది స్పీచ్ థెరపిస్టు కాదు, ఆమె పర్యవేక్షణలో పనిచేసే సహాయకురాలు. ఈ పద్ధతి మాకు ఉపయోగపడింది. అయితే అది ఫలించడం సహాయకురాలి డిప్లొమా మీద కన్నా, పైనున్న థెరపిస్టు స్వయంగా గదిలో కూర్చుని ఎంత చూస్తున్నారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఇన్నాళ్లకు స్పష్టమైంది.

చదువుల తేడా ముందుగా తెలిసి ఉండాలి. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు), స్పీచ్ థెరపిస్టు కావాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, వాక్కు చికిత్సల) డిగ్రీ చదవాలి. సహాయకులుగా ఎక్కువగా కనిపించేది ఇంటర్మీడియట్ తరువాత ఏడాది పాటు డీహెచ్ఎల్ఎస్ (వినికిడి, భాష, వాక్కుకు సంబంధించిన) డిప్లొమా చేసినవారు. ఇద్దరికీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ కౌన్సిల్‌కు ఆధారమైన 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మేము చేరిన రోజే ఇద్దరి సీఆర్ఆర్ నంబర్లూ (ఆ కౌన్సిల్ ఇచ్చే నమోదు సంఖ్యలు) అడిగాం, వాళ్లు ఏమీ నొచ్చుకోకుండా చూపించారు. ఆ ప్రశ్నకు ముఖం చిట్లించే చోట పిల్లను చేర్చకపోవడమే మంచిది.

ప్రతి సెషనూ ఆరు శబ్దాల పరీక్షతో మొదలవుతుంది. సహాయకురాలు పాప పక్కన, ఇంప్లాంట్ ఉన్న వైపు కూర్చుని మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అనే శబ్దాలను వరుస మార్చి, మధ్యలో కొంత మౌనం పాటిస్తూ పలుకుతుంది. శబ్దం వినబడగానే పాప చేతిలోని రింగును కర్రకు తొడగాలి. మ్, ఊ తక్కువ పౌనఃపున్యంలోనూ, స్ ఎక్కువ పౌనఃపున్యంలోనూ ఉంటాయి కాబట్టి, మాటలు వినడానికి అవసరమైన శ్రేణి మొత్తం ఆ రోజు పాపకు అందుతోందో లేదో రెండు మూడు నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఒక దశలో పాప స్‌కు స్పందించడం మానేసింది. సహాయకురాలు ముందు బ్యాటరీ మార్చింది, మైక్రోఫోన్ కవరు చూసింది, విడిగా ఉంచిన కేబుల్ తగిలించి మళ్లీ పరీక్షించింది. అప్పటికీ ఫలితం లేకపోవడంతో వివరాలు డైరీలో రాసి అదే రోజు థెరపిస్టుకు పంపింది. "ఇది మ్యాపింగ్‌కు సంబంధించినది కావచ్చండీ, అది నేను చెప్పకూడదు, మేడం చూస్తారు" అని మాతో అన్నది. మ్యాపింగ్ అంటే ఇంప్లాంట్ ఇచ్చే సంకేతాల స్థాయిలను పాపకు తగినట్టు సర్దడం. థెరపిస్టు వచ్చి స్వయంగా పరీక్షించి, హైదరాబాదులోని ఆడియాలజిస్టుకు లేఖ ఇచ్చారు. అక్కడ ఎలక్ట్రోడ్ల స్థాయిలు సరిచేశాక స్ మళ్లీ వినబడింది. వారానికి ఒక్కసారి మాత్రమే థెరపిస్టును కలిసే ఏర్పాటైతే ఈ లోపం ఇంకెన్ని రోజులకు బయటపడేదో! తరచుగా జరిగే సెషన్లలో పాపను రోజూ చూసే మనిషి ఉండటం వల్ల కలిగే లాభం ఇదే. పైగా ఫీజు, థెరపిస్టే నేరుగా తీసుకునే సెషన్‌తో పోలిస్తే, దాదాపు సగం.

భాష విషయంలోనూ మాకు లాభమే జరిగింది. మా థెరపిస్టు మైసూరులో చదువుకున్న కన్నడ ఆమె. తెలుగు అర్థమవుతుంది గానీ పిల్లల మాటలు అంతగా తెలియవు. లక్ష్యం ఆమె రాస్తారు: పెదవులు చూడకుండా, విని మాత్రమే హ్రస్వ దీర్ఘాల తేడాను పదింటిలో ఎనిమిదిసార్లు గుర్తుపట్టాలి అన్నట్టుగా. దానికి మాటలు వెతికేది సహాయకురాలు. మెడ, మేడ బొమ్మలు పక్కపక్కన పెట్టేది. ద్విత్వానికి వచ్చేసరికి తలుపు గడి, గడ్డి మోపు బొమ్మలు తానే గీసి తెచ్చింది. బజారులో దొరికే ఇంగ్లీషు కార్డుల్లో ఈ పని జరగదు.

ఇక అసంతృప్తి కలిగించిన కాలం గురించి. మొదటి సహాయకురాలు ఉద్యోగం మారి వెళ్లిపోయింది, ఈ రంగంలో అది మామూలే. కొత్తగా వచ్చిన అమ్మాయి ఓపిక గలదే, కానీ అవే కార్డులు వారాల తరబడి నడిచాయి. అదే సమయంలో థెరపిస్టు వేరే ఊళ్లో ఇంకో శాఖ చూసుకుంటూ డైరీలో సంతకాలకే పరిమితమయ్యారు. డైరీ చూస్తే అంతా సవ్యంగానే ఉండేది, మార్కులు కూడా పెరుగుతున్నట్టే కనిపించేవి. మేము పట్టుబట్టి థెరపిస్టును సెషన్‌లో కూర్చోబెట్టాక అసలు సంగతి తెలిసింది. కొత్త అమ్మాయి పెదవులు కనబడకూడదని చేతిని నోటికి అడ్డం పెట్టుకుంటోంది. దానివల్ల శబ్దమే మొద్దుబారి పాప చెవికి చేరుతోంది. చేయి తీసేసి పాప పక్కకు జరిగి కూర్చోమని థెరపిస్టు చెప్పారు, అక్కడికక్కడే చేసి చూపించారు. పాప సరిగ్గా చెబుతున్న జవాబుల్లో కొన్ని ఆ అమ్మాయి చూపు ఏ బొమ్మ మీదకు పోతోందో గమనించి చెబుతున్నవని కూడా అప్పుడే బయటపడింది. ఇవేవీ కాగితం మీద దొరికేవి కావు. అప్పటి నుంచి వారానికొకసారైనా థెరపిస్టు కనీసం అరగంట సెషన్‌ను ప్రత్యక్షంగా చూడాలనీ, వీడియో కాల్ దానికి అదనమే గానీ ప్రత్యామ్నాయం కాదనీ రాతపూర్వకంగా ఒప్పించుకున్నాం.

సహాయకుల పరిధి కూడా తల్లిదండ్రులకు ముందే తెలిస్తే చిరాకు తగ్గుతుంది. పాప ఎప్పటికి వాక్యాలు మాట్లాడుతుందని ఎన్నిసార్లు అడిగినా మా సహాయకురాలు "మేడం వచ్చినప్పుడు అడగండి" అనే అనేది. మొదట్లో కష్టంగా అనిపించినా అది సరైన జవాబే. పరీక్షలు చేసి నిర్ధారించడం, లక్ష్యాలు మార్చడం, థెరపీ ఆపవచ్చని చెప్పడం థెరపిస్టు పనులు. ఇంకా నిర్ధారణ పూర్తికాని పిల్లలకూ, మింగడంలో ఇబ్బంది ఉన్నవారికీ మొదటి దశలోనే సహాయకులతో సరిపెట్టే చోటుకు వెళ్లమని నేను చెప్పను. నిర్ధారణ అయి, లక్ష్యాలు స్పష్టంగా ఉండి, అభ్యాసం ఎక్కువగా కావలసిన మా అమ్మాయి వంటి పిల్లలకు మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది.

ఈ కేంద్రంలో నాకు ఇప్పటికీ నచ్చనిది ఒకటుంది. మేము అడిగేదాకా తల్లిదండ్రులను బయట వరండాలోనే కూర్చోబెట్టేవారు. గంట సెషన్ పోను మిగతా రోజంతా పాపతో మాట్లాడేది ఇంట్లోవాళ్లమే కదా. లోపల కూర్చోవడం మొదలయ్యాకే సహాయకురాలు ఆటను సగంలో నాకు అప్పగించి, నేను ఎక్కడ తొందరపడుతున్నానో చెప్పడం సాధ్యమైంది. "ఒకసారి అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకోండి, అప్పటిదాకా ఏమీ అనకండి" అన్న ఆమె సూచనతో మా ఇంట్లో పాప మాటలు బాగా పెరిగాయి. ఇప్పటికీ అడిగినవారినే లోపలికి పిలుస్తున్నారు, మిగతావాళ్లు వరండాలో ఫోన్లు చూసుకుంటున్నారు.

ప్రస్తుతం పాప బడికి వెళ్తోంది, సెషన్లు వారానికి రెండుకు తగ్గించారు. తరగతి గది గోలలో టీచరు మాట వినడం కొత్త లక్ష్యం. ఫ్యాను, పిల్లల అరుపులు రికార్డు చేసి వినిపిస్తూ, వాటి మధ్య రెండు పనులు కలిపి చెప్పి చేయించడం అభ్యాసం చేయిస్తున్నారు.