వేగం తగ్గిన ఏడాదిలో నా జీపీఎస్ వాచ్ ఎంత పనికొచ్చింది?

పద్దెనిమిది వేలు పెట్టి ఈ జీపీఎస్ వాచ్‌ను 2021 దసరాకు కొన్నాను. అప్పటికి నాకు 59 ఏళ్లు. నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్‌లో, ఉదయసముద్రం కట్ట మీద వారానికి ఆరు రోజులు పరుగెత్తేవాణ్ణి. కట్ట మీద దూరం సరిగ్గానే చూపుతుంది కానీ క్లాక్ టవర్ దగ్గరి ఇరుకు సందుల్లోకి వస్తే మాత్రం గోడలు దూకి వెళ్లినట్లు గీత గీస్తుంది.

2023 వేసవిలో నా వేగం పడిపోయింది. మా జిల్లా ఎండల సంగతి తెలిసిందే కనుక మొదట పట్టించుకోలేదు. వేడికి ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవడం మామూలే. కానీ చలికాలం వచ్చినా తేడా పోలేదు. పాత లెక్కలు తీసి, 2023 జనవరిని 2024 జనవరితో, అదే కట్ట, అదే తెల్లవారుజాము, నిమిషానికి 140 నాడి దగ్గర పోల్చి చూస్తే, కిలోమీటరుకు 6 నిమిషాల 20 సెకన్లు పట్టేది కాస్తా 7 నిమిషాల 10 సెకన్లు అయింది. వయసు వల్ల వేగం తగ్గుతుంది, నిజమే, కానీ ఒక్క ఏడాదిలో యాభై సెకన్లు తగ్గిందంటే దాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. వాచ్ నాకు చేసిన అసలు మేలు ఈ పోలికే.

చేసిన కీడు కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక రోజు మెల్లగా పరుగెత్తుతుంటే తెర మీద నాడి 172 అని కనిపించింది. అరవై రెండేళ్లవాడికి 220లో వయసు తీసేసే లెక్క ప్రకారం గరిష్ఠమే 158. భయపడి కట్ట మీదే ఆగి, మెడ మీద రెండు వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెడితే 34 వచ్చాయి, అంటే 136. ఆ 172 నా అడుగుల లెక్క! మణికట్టు మీద ఆకుపచ్చ వెలుగు వేసి రక్తప్రవాహాన్ని చూసే ఈ పద్ధతిలో, పట్టీ వదులుగా ఉంటే అడుగుల అదురునే గుండె చప్పుడనుకునే ప్రమాదం ఉంది. ఆ తప్పు లెక్కలు పట్టుకుని నా శరీర వయసు 71 అని కూడా తేల్చింది; మా ఇంట్లో వాళ్లు దానికి వారం రోజులు నవ్వారు. ఛాతీకి కట్టుకునే పట్టీ విడిగా కొన్నాక ఈ బాధ తప్పింది.

డాక్టరు గారు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, బీ12, షుగర్ పరీక్షలతో పాటు ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) కూడా చేయించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను వేసుకునే బీపీ మాత్ర నాడిని తగ్గించే రకమా అని కూడా అడిగి, కాదని తేల్చారు. ఆ రకం మాత్రలు వాడేవారికి వాచ్ చూపే నాడి అంకెలతో శ్రమను కొలవడం కుదరదని చెప్పారు. కారణం మాత్రం దొరకలేదు.

దొరకకపోయినా పరుగు ఆపబుద్ధి కాలేదు. ఉదయం లేవగానే 52 ఉండే నాడి 58కి చేరిందని వాచ్‌లో గమనించి, ఒంటికి విశ్రాంతి చాలడం లేదేమోనని ఆరు రోజుల పరుగును నాలుగుకు తగ్గించి, వేగం చూపే తెరను తీసేసి, నాడి ఒక్కటే కనిపించేలా పెట్టుకున్నాను. తోటివాళ్లు "సార్, ఇవాళ ఎంతలో కొట్టారు?" అని అడిగితే ఇంటికెళ్లి చూసి చెబుతాననేవాణ్ణి. 2025 జనవరిలో అదే 140 దగ్గర 6 నిమిషాల 55 సెకన్లు వచ్చింది. విశ్రాంతి వల్లనో, దానంతట అదే సర్దుకుందో వాచ్ చెప్పలేదు, అడిగినా చెప్పగలిగేది కాదు.

వారం వచ్చే బ్యాటరీ ఇప్పుడు నాలుగు రోజులకు దిగింది. రబ్బరు పట్టీ రెండుసార్లు మార్చాను. చెమటకు మణికట్టు మీద దద్దుర్లు వస్తే రాత్రిళ్లు తీసి పక్కన పెడుతున్నాను. ఇది పాడైతే ఈ రకమే మళ్లీ కొంటాను, అయితే ఛాతీ పట్టీతో కలిపి.