బ్రూజ్‌కా, ఘెంట్‌కా?

బెల్జియంలో ఒక్క రోజే ఉందంటే చాలామంది ఇంకేం ఆలోచించకుండా బ్రూజ్ రైలెక్కేస్తారు. తప్పేం లేదు, కాలవల పక్కన పాత ఇటుక ఇళ్ళు, 83 మీటర్ల గంటల గోపురం, ఆ ఇరుకు మెట్లు 366 ఎక్కి పైకి చేరితే పెంకుటిళ్ళ కప్పులన్నీ కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తాయి. కానీ మధ్యాహ్నానికల్లా అడుగు తీసి అడుగు వేయలేనంత జనం!

ఘెంట్ అలా కాదు. బ్రూజ్ నుంచి అరగంట రైలు ప్రయాణం, విద్యార్థుల ఊరు, నడిబొడ్డున 1180 నాటి రాతికోట. సెయింట్ బావో కెథడ్రల్‌లో వాన్ ఐక్ సోదరుల చిత్రం, 1432లో పూర్తయింది, దాని ముందు కాసేపు నిలబడండి: గడ్డిలో ఒక్కో పువ్వూ, కిరీటంలో ఒక్కో రాయీ విడివిడిగా మెరుస్తాయి. నా ఓటు ఘెంట్‌కే. రాత్రి బస మాత్రం బ్రూజ్‌లో, టూరిస్టు బస్సులన్నీ వెళ్ళిపోయాక.