బ్యాటరీని తాగేస్తున్న దీపాన్ని పట్టించిన క్లాంప్ మీటర్

మా పాత కారు మూడు రోజులు కదలకుండా ఉంటే చాలు, నాలుగో నాడు తాళం తిప్పగానే టకటకమని ఊరుకునేది. బ్యాటరీ కొత్తదే కాబట్టి, కరెంటు ఎక్కడో లీకవుతోందన్న అనుమానంతో మిల్లీయాంపియర్లను కూడా కొలిచే డీసీ క్లాంప్ మీటర్ కొన్నాను.

మామూలు మల్టీమీటరుతో ఈ పరీక్ష చేయాలంటే నెగటివ్ కేబుల్ ఊడదీసి మీటరును మధ్యలో కలపాలి. ఆ సమయంలో ఎవరైనా పొరపాటున స్టార్ట్ చేస్తే మీటరులోని ఫ్యూజు కాలిపోతుంది. దీనికి ఆ బెడద లేదు, దవడలు తెరిచి కేబుల్ చుట్టూ మూస్తే సరిపోతుంది. డోర్లకు తాళం వేసి అరగంట ఆగి చూస్తే 0.38 ఆంపియర్లు చూపింది. సాధారణంగా ఇది 0.05 దాటకూడదు; ఈ లెక్కన 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదు రోజుల్లోపే పూర్తిగా ఖాళీ అవుతుంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోగా, లోపలి దీపాల ఫ్యూజు తీసిన క్షణంలో అంకె 0.02కు పడిపోయింది. డిక్కీ తెరిచి బల్బును ముట్టుకుంటే వేలు చురుక్కుమంది: స్విచ్ తుప్పు పట్టి, మూత మూసినా దీపం ఆరడం లేదు.

లోపాలు లేకపోలేదు. మీటరును ఇటు అటు తిప్పినా భూమి అయస్కాంత క్షేత్రం వల్ల అంకె మారుతుంది కాబట్టి ప్రతిసారీ సున్నాకు సరిచేయాలి. పైగా ఆ అరగంట నిరీక్షణలో, బ్యాటరీ పొదుపు పేరుతో మీటరే రెండుసార్లు ఆఫ్ అయిపోయింది.