కదలని ముల్లు: పదకొండేళ్ల డీజిల్ ఎస్‌యూవీతో నా అనుభవం

బండి కొని పదకొండేళ్లు, తిరిగింది 1,68,000 కిలోమీటర్లు. సీట్లు, ఎత్తు, డిక్కీలో పట్టే సామాను లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది డాష్‌బోర్డులో ఇంజన్ వేడిని చూపించే టెంపరేచర్ ముల్లు గురించి. దాని మీద నాకు ఇంకా కోపం చల్లారలేదు.

కొత్తలో ఈ బండిని పొగిడినప్పుడల్లా ముందు చెప్పింది ఆ ముల్లు గురించే. మండు వేసవిలో, బండి నిండా జనంతో, ఏసీ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కినా సరిగ్గా మధ్యలో నిలబడేది. "చూశారా, వెంట్రుకవాసి కూడా కదల్లేదు" అని పక్క సీట్లో ఎవరుంటే వాళ్లకి చూపించేవాణ్ణి. ఆ మాట అబద్ధం కాదు. ఎందుకు కదలదో తెలియడానికి మాత్రం తొమ్మిదేళ్లు పట్టింది.

రెండేళ్ల కిందట మొదట వాసనతో మొదలైంది. బండి ఆపి దిగితే బానెట్ దగ్గర ఏదో తియ్యటి వాసన. కింద వంగి చూస్తే ఒక్క చుక్క లేదు. సర్వీసుకి ఇచ్చినప్పుడు అడిగితే, పాత బండికి ఇవన్నీ మామూలేనని చెప్పి, కాస్త కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పోసి పంపారు. రెండు వారాలకే మళ్లీ మినిమం గీత కిందికి దిగింది. నేనే కొని పోసుకున్నాను. ఒక చలి పొద్దున హీటర్ వేస్తే చల్లగాలి వచ్చింది. హీటర్ పోయింది కాబోలు, ఎండలు రాబోతున్నాయి కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఇక్కడ తప్పు నాదే. హీటర్‌కి వేడి వచ్చేదే కూలెంట్ నుంచి అని నాకు తెలుసు. తెలిసీ రెండింటికీ ముడి పెట్టుకోలేదు. కారణం మళ్లీ ఆ ముల్లే. అది మధ్యలో ఉందంటే ఇంజన్ బాగున్నట్టే అనుకున్నాను.

ఆ రోజు కొండ ఎక్కుతున్నాం. పికప్ తగ్గింది, గేరు దించినా లాగడం లేదు. ముల్లు చూశాను, మధ్యలోనే ఉంది. మరో రెండు మలుపులు తిరిగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. అప్పుడు లేచింది ముల్లు, ఒక్క ఊపున ఎర్రగీత దాకా. బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

షెడ్డులో ఆయిల్ పోసే మూత తీస్తే లోపల తెల్లటి నురగ. కూలెంట్ ఆయిల్లో కలిసిపోయింది. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు, పోయిందని మెకానిక్ విప్పకముందే చెప్పేశాడు. హెడ్ దించి, స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) పెడితే 0.15 మిల్లీమీటర్ల వంపు. అంటే దాదాపు రెండు వెంట్రుకల మందం. అల్యూమినియం హెడ్ కాబట్టి అంత వేడికి వంగిపోయింది. పెట్రోల్ ఇంజన్ అయితే ఫేసింగ్‌కి, అంటే హెడ్ అడుగు చెక్కి చదును చేయడానికి, కొంత వీలుండేదట. డీజిల్లో పిస్టన్‌కీ వాల్వులకీ మధ్య జాగా తక్కువ, ఎక్కువ చెక్కితే తగులుకుంటాయి. ఎంతో కొంత చెక్కి, దానికి తగ్గ మందం గ్యాస్కెట్ వేశారు. హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం, తీసినవి మళ్లీ వాడకూడదు, అవీ కొత్తవే. ఎలాగూ విప్పాం కదా అని వాటర్ పంపు, థర్మోస్టాట్, టైమింగ్ చైనూ మార్చాం. బిల్లు చూస్తే, బండి అమ్మితే వచ్చే డబ్బులో మూడో వంతు.

ఇంతకీ దోషి ఎవరో తెలుసా? ఇంజన్ వెనక బొటనవేలంత ప్లాస్టిక్ జాయింట్. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి సన్నగా చీలింది. కారిన కూలెంట్ వేడి ఇంజన్ మీదే పడి ఆవిరైపోయేది, అందుకే కింద చుక్క కనబడలేదు. దాని ధర అరట్యాంకు డీజిల్‌కి కూడా రాదు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

ముల్లు సంగతీ మెకానిక్కే చెప్పాడు. అది సెన్సార్ చెప్పిన అంకెను ఉన్నదున్నట్టు చూపించదు. ఇంజన్ వేడెక్కాక చాలా డిగ్రీల దాకా కదలకుండా దాన్ని మధ్యలోనే ఆపి ఉంచుతారు, ప్రతి చిన్న తేడాకీ ఓనర్ టెన్షన్ పడకూడదని. పైగా కూలెంట్ తగ్గి సెన్సార్ గాల్లో తేలితే, అది చెప్పే అంకెకే విలువ ఉండదు. నమ్మబుద్ధి కాక, బండి కంప్యూటర్‌లోని అంకెల్ని చూపించే ఓబీడీ అడాప్టర్ కొని ఫోన్‌కి కలిపాను. మామూలు రోడ్డు మీద 88 డిగ్రీలు, ఎత్తు ఎక్కుతుంటే 103. రెండుసార్లూ ముల్లు ఒకే చోట!

ఆ తర్వాత 30,000 కిలోమీటర్లు తిరిగాను. చుక్క కూలెంట్ తగ్గలేదు, లాగుడు మునుపటిలాగే ఉంది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఒకసారి శుభ్రం చేయించాను. "ఈ ఇంజన్‌కి చావు లేదు" అని ఒకప్పుడు అన్న మాటని ఇప్పుడు కొంచెం సవరించుకుంటున్నాను. ఇంజన్ గట్టిదే. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కి మాత్రం ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల ఆయుష్షు.

ఇలాంటి పాత బండి కొనొచ్చా అని అడిగితే సూటిగా చెప్పలేను. నేను దీన్ని నెలకి రెండుసార్లు దూరప్రయాణాలకే తీస్తాను, నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు, రోజువారీ పనికి ఇంట్లో వేరే బండి ఉంది. ఇది ఒక్కటే ఉండుంటే, ఆ నెలన్నర షెడ్డులో ఉన్నప్పుడే అమ్మేసేవాణ్ణి. కొనేవాళ్లు కూలెంట్ జాయింట్లు ఎప్పుడు మార్చారో అడగండి, ఆయిల్ మూత తీసి చూడండి, ఎండాకాలమైనా సరే హీటర్ వేసి చూడండి.

ఈమధ్య పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం కొంచెం కటకటమంటోంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు అంటున్నాడు మెకానిక్. వచ్చే నెల విప్పిస్తున్నాను. ఆ బిల్లు చూశాక పైన రాసిన దాంట్లో ఎంత మారుస్తానో తెలియదు.